ఇల్లు కట్టుకొను హక్కు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఏనాడో చెప్పిరి. ఆ సామెత పుట్టిన దినములలో ఇల్లు కట్టుటలోని కష్టమనగా సున్నము, కలప, కూలి, అప్పు, ముహూర్తము మాత్రమే. నేడు ఆ పట్టికలో మొట్టమొదట చేర్చవలసినది మరియొకటి కలదు. అది అనుమతి. ఇటుక కొనుటకు ముందు, మేస్త్రీని పిలుచుటకు ముందు, పురోహితుని అడుగుటకు ముందు గృహస్థుడు ప్రభుత్వమును అడుగవలయును. అడుగుట తప్పు కాదు. అడిగినవానికి అవుననియో కాదనియో స్పష్టముగా, సకాలమున, కారణముతో ఉత్తరము వచ్చుచున్నదా అనునదే ప్రశ్న. ఈ వారము ఆ ప్రశ్ననే మా పాఠకుల యెదుట ఉంచదలచితిమి.

ఈ విషయమును గాలిలో మాటలాడిన ప్రయోజనము లేదు. ఒక ఊరిని చూపి మాటలాడెదము. హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము దాటి, చర్లపల్లి, నాగారముల సరసన దమ్మాయిగూడ కలదు. కీసర మండలమున ఇది యొక గ్రామము. నిన్న మొన్నటివరకు రంగారెడ్డి జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించినప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనికి వచ్చినది. గ్రామ పంచాయతీ రూపు మాసి పురపాలక సంఘమై, 2020 జనవరిలో ఎన్నికలు చూచినది. 2025 డిసెంబరులో నగరము చుట్టునున్న 27 పురపాలక సంస్థలను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిపినప్పుడు దమ్మాయిగూడయు అందు కలిసిపోయినది. పదియేండ్లయినను నిండకముందే ఒక ఊరు మూడు పేర్లను, మూడు ముద్రలను, మూడు కార్యాలయములను చూచినది. ఇల్లు కట్టుకొనదలచిన సామాన్యునికి తట్టవలసిన తలుపు మూడు మారులు మారినది. తలుపు మారినంతమాత్రమున లోపలి పద్ధతి మారునా? పాత తలుపు వద్ద ఇచ్చిన కాగితము క్రొత్త తలుపు వద్ద చెల్లునా? ఈ ప్రశ్నలకు జవాబు తెలియకనే వేలాది కుటుంబములు పునాదులు త్రవ్వుకొనుచున్నవి.

ఈ ఊరికి జనులు ఏల వచ్చిరి? విహారమునకు రాలేదు. నాచారము, మౌలాలి, చర్లపల్లి ప్రాంతములలోని కర్మాగారములలో పనిచేయు కార్మికుడు, 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనునో, ఆ పిమ్మట వచ్చిన అణు ఇంధన సంస్థనో ఆశ్రయించి బ్రతికిన చిరుద్యోగి, ఉప్పల్‌లో అద్దెకట్టలేని బడిపంతులు, నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన తాపీపనివాడు, వీరందరికిని గజము ధర అందుబాటులో నున్న చోటు నగరపు అంచుననే దొరకినది. ప్రక్కనే జవహర్‌నగరు చెత్త గుట్ట కలదు. నగరమంతయు పారవేసిన మాలిన్యపు వాసనను పీల్చుకొనుచును వీరు ఇచ్చట స్థలము కొనిరన్నచో, సొంత గూడు మీది ఆశ ఎంత బలమైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ స్థలములు ఎట్లు అమ్ముడైనవో పరికింతము. సాగుభూమిని కొన్న వ్యాపారి యొకడు దానిని గళ్ళు గళ్ళుగా గీసి, నడుమ ముప్పది అడుగుల బాట చూపి, రాళ్ళు పాతి, రంగుల కాగితము అచ్చొత్తించి వెంచరు అని పేరు పెట్టును. పటమునందు పార్కు ఉండును, బడి ఉండును, గుడి ఉండును. అన్ని గళ్ళును అమ్ముడైన పిదప ఆ పార్కును గళ్ళుగా మారును. శాసనము లేక ఇది జరిగినదా? శాసనము కలదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము, తరువాత 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, 2002లో లేఅవుట్లకును కట్టడములకును ప్రత్యేకించి చేసిన నిబంధనలు, ఇవన్నియు ఉండెను. ఆ నిబంధనల ప్రకారము 300 చదరపు మీటర్లకు మించని స్థలమున, 10 మీటర్లకు మించని ఎత్తుగల ఇంటికి పంచాయతీయే అనుమతి నీయవచ్చును. దానిని మించిన వానికి పట్టణ ప్రణాళికా శాఖవారి సాంకేతికామోదము కావలయును. లేఅవుటునకు మాత్రము పైవారి ఆమోదము లేక పంచాయతీ ముద్ర సరిపోదు. 1975 చట్టముతో వచ్చిన హుడా, 2008లో దాని స్థానమున వెలసిన హెచ్‌ఎండీఏ, ఈ ఆమోదము నిచ్చుటకే ఉండెను.

ఇంత ఉండియు ఆమోదము లేని గళ్ళు లక్షల సంఖ్యలో ఎట్లు పుట్టినవి? అచ్చటనే ఉన్నది అసలు రహస్యము. ఆమోదము లేని గడిని వ్యాపారి అమ్మును. దానిని ప్రభుత్వమువారి రిజిస్ట్రారే రిజిస్టరు చేయును. ప్రభుత్వ ఖజానాయే స్టాంపు సుంకమును పుచ్చుకొనును. పది పదునైదేండ్లు గడచిన పిదప, ఆ పత్రమును పట్టుకొని కొనినవాడు ఇంటి అనుమతికై పోయినచో, నీ గడి అక్రమ లేఅవుటులోనిది అని ప్రభుత్వమువారి మరియొక శాఖ చెప్పును. ఒక చేయి సుంకము పుచ్చుకొన్నది, మరియొక చేయి తలుపు మూసినది. రెండు చేతులును ఒకే ప్రభుత్వమునకు చెందినవి. లేఅవుటు వేసిన వ్యాపారి ఏమయ్యెను? అతడు మరియొక ఊరికి పోయి మరియొక రంగుల కాగితము అచ్చొత్తించుచున్నాడు. శిక్షింపబడినవాడు కొనినవాడు మాత్రమే.

దీనికి ప్రభుత్వములు కనుగొనిన మందు క్రమబద్ధీకరణము. 2007లో ఒకమారు, 2015లో ఒకమారు, 2020లో మరియొకమారు రుసుము కట్టిన అక్రమము సక్రమమగునని ఉత్తరువులు వెలువడెను. 2020 నాటి పథకమునకు రాష్ట్రమంతట సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క గడికి 1,000 రూపాయలు కట్టి జనులు దరఖాస్తు పెట్టుకొనిరి. ఆ పిమ్మట ఏండ్ల తరబడి కాగితము కదలలేదు. 2025లో రుసుములో నూటికి 25 వంతులు తగ్గింతుమని ప్రకటించి మరల కదలించిరి. పథకమునకు దరఖాస్తు పెట్టుకొననివారు ఇంటి అనుమతి వేళ క్రమబద్ధీకరణ రుసుముతోపాటు ఖాళీస్థలపు వంతు క్రింద స్థలపు విలువలో నూటికి 14 చొప్పున కట్టవలసియుండును. మినహాయింపు ఒక్కమారు ఇచ్చిన దయ యనిపించును; మూడు మారులు ఇచ్చిన అదియే శాసనమగును. ఇపుడు వ్యాపారికిని తెలియును, ఉద్యోగికిని తెలియును, నాలుగవ మారు రానున్నదని. నియమమును పాటించి, ఎక్కువ ధర పెట్టి, ఆమోదము గల స్థలమును కొనినవాడే ఈ ఆటలో అవివేకి యగుచున్నాడు. ఇట్టి ఫలితమునిచ్చు రాజనీతిని ఏమందుము?

ఇక 2020 నాటి నూతన శాసనమును గూర్చి న్యాయముగా మాటలాడవలయును. నిందించుటయే పత్రికల పని కాదు. టీఎస్ బీపాస్ అను పేర 2020 నవంబరు 16న తెలంగాణమున అమలునకు వచ్చిన విధానము, తత్త్వమునుబట్టి చూచిన, మెచ్చుకొనదగినది. దాని సారమును మా పఠనాలయ మిత్రులందరును కంఠస్థము చేయవలయును. 75 చదరపు గజములలోపు స్థలమున, 7 మీటర్ల ఎత్తునకు మించక, నేలయంతస్తును దానిపై నొక అంతస్తును కట్టుకొను పేదవానికి అనుమతియే అక్కరలేదు; 1 రూపాయి కట్టి నమోదు చేసికొనిన చాలును. 500 చదరపు మీటర్లవరకు, అనగా సుమారు 600 గజములవరకు గల స్థలమున, 10 మీటర్ల ఎత్తుమించని ఇంటికి, నేను నియమములను పాటించెదనని యజమాని తానే ప్రమాణపూర్వకముగా వ్రాసి యిచ్చినచో, తక్షణమే అనుమతి లభించును. అంతకు మించిన కట్టడములకు ఏకగవాక్ష పద్ధతిని 21 దినములలో అనుమతి నీయవలయును. ఆ గడువులో ఏ ఉత్తరమును ఇయ్యకున్నచో అనుమతి యిచ్చినట్లే భావింపబడును.

ఈ శాసనమునందలి ఘనత ఎచ్చటనున్నది? ప్రజలను దొంగలుగా భావించుట మాని పెద్దమనుష్యులుగా భావించుటలో నున్నది. నీ మాటను నమ్మెదము. నీవు మాట తప్పిన శిక్షించెదము అని ప్రభుత్వము పౌరునితో అన్నది. పరప్రభుత్వపు నీడలో పుట్టిన మన కార్యాలయ సంప్రదాయమునకు ఇది విరుద్ధము. ఆ సంప్రదాయములో పౌరుడు మొదట అపరాధి. తాను నిరపరాధినని నిరూపించుకొనుట వాని పని. స్వరాజ్యమనగా ఈ వరుసను తలక్రిందులు చేయుటయే. అందుచేత ఆత్మప్రమాణ పద్ధతిని మేము హృదయపూర్వకముగా స్వాగతించితిమి. అయితే ఆ నమ్మకమునకు కత్తి వంటి రెండవ అంచు కలదని పౌరులు మరువరాదు. తప్పుడు ప్రమాణము చేసి కట్టినచో అనుమతి రద్దగును. భారీ జరిమానా పడును. కట్టడమునకే ముప్పు వచ్చును. బంధువు చేతనో, దళారి చేతనో కన్నులు మూసికొని సంతకము పెట్టించి పంపిన ప్రమాణపత్రము రేపు న్యాయస్థానమున యజమానిని పట్టుకొనునే కాని దళారిని పట్టుకొనదు.

కాని దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని సామెత. శాసనము అసెంబ్లీలో పుట్టినది. దాని నడవడి బల్లల వెనుక నిర్ణయమగుచున్నది. మా వృత్తిలో ఎదురైన ఒక సంగతిని చెప్పెదము. ఊరి పేరును, కార్యాలయపు పేరును చెప్పుట మా ఉద్దేశము కాదు. ఇట్టివి పలుచోట్ల జరుగుచున్నవి గనుక.

కర్మాగారమున ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధు డొకడు మా వద్దకు వచ్చెను. నగరపు అంచున 200 గజముల గడి వానిది. ఉద్యోగ విరమణమున వచ్చిన ధనముతో రెండు గదుల ఇల్లు కట్టి, పైన మరి రెండు గదులు వేసి అద్దెకిచ్చి, ఆ అద్దెతో కాలక్షేపము చేయవలయునని వాని ఆశ. శాసనము ప్రకారము 200 గజములు తక్షణానుమతికి లోబడినవే. లైసెన్సు గల ఇంజనీరుచేత పటము గీయించి, రుసుము కట్టి, దరఖాస్తు పంపెను. మొదటి జాబు వచ్చినది: క్రమబద్ధీకరణ పత్రము జతచేయలేదు. ఆ పత్రముకై 2020లోనే 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టి యుండెను; అది నాలుగేండ్లు దాటినను తేలలేదు. రసీదు జతచేసి మరల పంపెను. రెండవ జాబు వచ్చినది: ఎదుటి బాట వెడల్పు పటమున కనబరచినట్లు లేదు. కొలిపించి మరల పంపెను. మూడవ జాబు వచ్చినది: పాత విక్రయ పత్రముల వరుసలో ఒకటి లోపించినది. ఈ మూడు లోపములును మొదటి దినముననే కనబడవలసినవి. ఒకేమారు చెప్పినచో ఒక వారములో సరిపడెడివి. ఒక్కొక్క జాబునకు నడుమ నెలలు గడచెను. ప్రతి జాబుతోను గడువు లెక్క మొదటికి వచ్చెను. 21 దినములు అను మాట కాగితముమీద నిలిచినది. గడియారము మాత్రము వారి చేతిలో నుండెను.

జాబులన్నియు ఆంగ్లమున నుండెను. ఆ వృద్ధునికి తెలుగు తప్ప చదువ రాదు. కార్యాలయము బయట తేనీటి దుకాణమువద్ద కూర్చుండు మధ్యవర్తి యొకడు ఆ జాబులను వానికి చదివి చెప్పుచుండెను. చదువుటకు వేరుగా, సరిచేయించుటకు వేరుగా ధర చెప్పుచుండెను. మా యెదుట కూర్చుండి ఆ వృద్ధుడు తన విక్రయపత్రమును విప్పి చూపి, "సారూ, నేనేమన్న దొంగతనం చేసిన్నా? సర్కారు ముద్ర కొట్టిన కాగితమే గదా ఇది" అని యడిగెను. ఆ ప్రశ్నకు న్యాయశాస్త్రము చదివిన మాకును తగిన జవాబు దొరకలేదు. తుదకు వ్రాతపూర్వకముగా కారణములు కోరుచు విజ్ఞప్తి పంపిన పిదప వాని పని నెరవేరినది. కాని అంతలో ఇనుము ధర పెరిగెను, సిమెంటు ధర పెరిగెను, దాచుకొన్న ధనములో కొంత అద్దెలకు కరగెను. పై రెండు గదులు ఇప్పటికిని లేవవు. ఆలస్యమునకు ధర కలదు. ఆ ధరను చెల్లించువాడు ఆలస్యము చేసినవాడు కాడు.

ఇంతమాత్రమున అనుమతి యను నియమమే వలదని కొందరనుచున్నారు. నా నేల, నా ధనము, నా ఇష్టము అని వారి వాదము. దీనిని మేము అంగీకరింపము. ఇల్లు ఒంటరిగా నిలువదు. దానికి ప్రక్క ఇల్లు కలదు, ఎదుట బాట కలదు, క్రింద నీటిదారి కలదు. 1666లో లండను నగరము కాలిపోయిన పిదప, 1667లో ఆంగ్లేయులు ఇటుకతోనో రాతితోనో ఇండ్లు కట్టవలయునని శాసనము చేసి, తనిఖీకి అధికారులను నియమించిరి. మన హైదరాబాదుననే 1908లో మూసీ పొంగి వేలమందిని పొట్టనబెట్టుకొనిన తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. నియమములు ఉద్యోగుల విలాసమునకు పుట్టలేదు. శవములను లెక్కపెట్టిన పిదప పుట్టినవి.

దూరపు ముచ్చటలు ఏల? 2016 డిసెంబరులో నానక్‌రామ్‌గూడలో నిర్మాణమున నున్న ఏడంతస్తుల కట్టడము కుప్పకూలి 11 మంది ప్రాణములు పోయినవి. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకు దమ్మాయిగూడకు చేరువనున్న ఘట్‌కేసరులో ఒక్క దినముననే సుమారు 32 సెంటీమీటర్ల వాన పడెను. నగరపు తూర్పుభాగమున చెరువుల క్రింది కాలనీలు మునిగిపోయినవి. నీరు ఎవరి ఇంటిలోనికిని దురాక్రమణ చేయలేదు. తన పాత దారిని తాను వెదకికొన్నది. 10 హెక్టార్లకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పుగల వాగునకు 9 మీటర్లు, చిన్న కాలువకు 2 మీటర్లు విడిచి కట్టవలయునని 2012 నాటి భవననిర్మాణ నిబంధనలు చెప్పుచున్నవి. ఆ కొలతలను కప్పిపుచ్చి అమ్మినవాడు నేరస్థుడే. తెలిసియు చౌకకై కొనినవాడును పాలుపంచుకొన్నవాడే.

మన తప్పులను మనమే చెప్పుకొనుట మేలు. ప్రక్కవానికి గాలి వెలుతురులకై విడువవలసిన ఖాళీని మెట్లతో నింపునది ఎవరు? రెండంతస్తులకు ప్రమాణము వ్రాసి మూడవది రాత్రికి రాత్రి స్లాబు వేయునది ఎవరు? వీధిలోనికి ర్యాంపును జరిపి, వానకాలమున వీధి నీరు పోలేదని పాలకులను తిట్టునది ఎవరు? పంచాయతీ రూపు మాసిన తరువాత వెనుకటి తేదీతో సర్పంచి సంతకము సంపాదింప జూచునది ఎవరు? లంచము పుచ్చుకొను చేయికి ఎదుట లంచమిచ్చు చేయి కలదు. ఆ చేయి మనది కానప్పుడే మన గొంతునకు బలము.

న్యాయస్థానములు ఈ రెండు వైపులను గుర్తించినవి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, కనీసము 15 దినముల నోటీసు నీయక, సంజాయిషీ వినక, కట్టడములను కూలద్రోయరాదని నిర్దేశించినది. బహిరంగ స్థలములను, జలాశయములను ఆక్రమించిన కట్టడములకు మాత్రము ఆ రక్షణ లేదనియు స్పష్టము చేసినది. అదే యేడు డిసెంబరు 17న మరియొక తీర్పున, కట్టుచున్న చోట అనుమతి పటమును అందరికిని కనబడునట్లు ప్రదర్శింపవలయుననియు, కాలము గడచినంతమాత్రమున, ధనము వెచ్చించినంతమాత్రమున అక్రమ కట్టడము సక్రమము కాజాలదనియు, తప్పుడు ధ్రువపత్రములిచ్చిన అధికారులపై చర్య తీసికొనవలయుననియు చెప్పినది. ఈ రెండు తీర్పులను కలిపి చదివిన ధర్మము తేటపడును. పాలకుడు వినకుండ కొట్టరాదు. పౌరుడు అడుగకుండ కట్టరాదు.

ఇక స్వపరిపాలన విషయము. 1992లో చేసిన 73, 74వ రాజ్యాంగ సవరణములను మన పెద్దలు గొప్పగా చెప్పుకొందురు. వానిని కొంచెము నిదానించి చదువుడు. పురపాలక సంస్థలకు సంబంధించిన పండ్రెండవ షెడ్యూలులో 18 విషయములు గలవు; అందు మొదటిది పట్టణ ప్రణాళిక, రెండవది భూవినియోగమును భవన నిర్మాణమును క్రమపరచుట. గ్రామ పంచాయతీలకు సంబంధించిన పదునొకండవ షెడ్యూలున 29 విషయములు గలవు. గ్రామీణ గృహవసతి అందున్నది గాని, కట్టడముల క్రమపరుపు ప్రత్యేకముగా లేదు. నగరపు పొగ తగులుచున్న గ్రామముల దురదృష్టమంతయు ఈ రెండు పట్టికల నడుమ నున్నది. ఊరు పేరునకు పల్లె, బ్రతుకునకు పట్టణము. పల్లె శాసనము చాలలేదు. పట్టణ శాసనము సకాలమున రాలేదు. ఆ సందులో వ్యాపారి రాళ్ళు పాతెను.

2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రా మొదలగు 12 పురపాలక సంఘములను, 8 పంచాయతీలను కలిపి మహానగర పాలక సంస్థను నిర్మించిరి. అప్పుడు హద్దునకు ఆవల నున్న దమ్మాయిగూడ వంటి గ్రామములకు నగరపు ఒత్తిడి వచ్చినదే కాని నగరపు వ్యవస్థ రాలేదు. 2024లో బాహ్యవలయ రహదారి పరిసరములలోని 51 గ్రామ పంచాయతీలను పురపాలక సంఘములలో కలిపిరి. మరుసటి యేడు ఆ పురపాలక సంఘములనే మహానగరమున కలిపిరి. 2020లో ఎన్నికైన పురపాలక సభ్యుల పదవీకాలము 2025 జనవరిలో ముగిసెను. ప్రత్యేకాధికారుల పాలనలో నుండగనే విలీనము జరిగినది. అనగా, ఊరి భవిష్యత్తు నిర్ణయమగు వేళకు ఊరి తరఫున అవుననుటకుగాని కాదనుటకుగాని ఎన్నికైన నోరు ఒక్కటియు లేదు. విలీనము మేలా కీడా అనునది వేరు చర్చ. విశాలమైన ప్రణాళిక, నిపుణులైన ఇంజనీర్లు, మురుగునీటి వసతి, ఇవి పెద్ద సంస్థవలన రాగలవు, కాదనము. కాని అడుగకుండ చేసిన మేలు సయితము స్వరాజ్యమున సంపూర్ణమైన మేలు కాదు.

ఈ స్థితిలో మేము కోరునవి దుస్సాధ్యములు కావు. మొదటిది, విక్రయపత్రమును రిజిస్టరు చేయుటకు ముందే, ఆ గడి ఆమోదము గల లేఅవుటులోనిదో కాదో పత్రముమీదనే పెద్ద అక్షరములతో తెలుగున ముద్రింపవలయును. సుంకము పుచ్చుకొను చేయియే హెచ్చరికయు నీయవలయును. రెండవది, ఎన్నో యేండ్లుగా నిలిచిన క్రమబద్ధీకరణ దరఖాస్తులలో ప్రతిదానికిని అవునని గాని, కారణములతో కాదని గాని తేల్చి చెప్పవలయును. చెరువు గర్భములోనివాటిని నిర్మొగమాటముగా త్రోసివేయుడు. తక్కినవారిని ఉరి త్రాటిమీద నిలుపకుడు. మూడవది, ఇంటి దరఖాస్తులోని లోపములన్నియు ఒకే జాబున చెప్పవలయును. రెండవ జాబున క్రొత్త లోపము వెదకుటకు అధికారమే ఉండరాదు. 1947 నాటి ఆంగ్లేయుల ప్రణాళికా శాసనమును మనవారు తరచు ఉదాహరింతురు. అచ్చట కాదన్నచో కారణము వ్రాసి యీయవలయును. దానిపై అప్పీలు చేయు హక్కు కలదు. అనుకరింపదగినది ఆ భాగమే.

నాలుగవది, చెరువుల హద్దులు, కాలువల దారులు, వెడల్పు చేయనున్న బాటలు, ఇవి సర్వే నంబర్లతో సహా ఊరి నడుమ పలకపై గీసి ఉంచవలయును. అధికారి కంప్యూటరులో మాత్రమే కనబడు హద్దు, కొనువానికి హద్దు కాదు, ఉచ్చు. అయిదవది, పంచాయతీ కాలమున నిచ్చిన అనుమతులన్నిటి పట్టికను బహిరంగపరుపవలయును. అందువలన నిజముగా అనుమతి పొందినవానికి రక్షణయు, వెనుకటి తేదీ వ్యాపారమునకు అంత్యక్రియయు ఒకేమారు జరుగును. ఆరవది, ఊరు మహానగరమున కలిసినను, దరఖాస్తు వినుటకు, నోటిమాటతో తెలుగున వివరించుటకు బాధ్యత గల అధికారి ఊరిలోనే కూర్చుండవలయును. 2025 మార్చిలో బిల్డ్‌నౌ అను నూతన వేదికను తెచ్చి, పటములను యంత్రమే క్షణములలో పరిశీలించునని ప్రభుత్వమువారు ప్రకటించిరి. సంతోషము. పటమును యంత్రము చదువును; పటము తెచ్చిన మనుష్యుని కష్టమును మాత్రము మనుష్యుడే చదువవలయును.

ప్రభుత్వమును కోరుట సగము పని. తక్కిన సగము మనది. ఉప్పల్, నాచారము, కాప్రా, దమ్మాయిగూడ ప్రాంతములలో చదువుకొన్నవారికి కొదువ లేదు. ప్రతి కాలనీలోను గ్రంథాలయమో, సంఘ మందిరమో, కనీసము గుడి అరుగో కలదు. ఆదివారము ఉదయము రెండు గంటలు ఒక వకీలు, ఒక ఇంజనీరు, లెక్కలు తెలిసిన ఒక విశ్రాంతోద్యోగి అచ్చట కూర్చుండి, వచ్చినవారి పత్రములను ఉచితముగా చదివి చెప్పలేరా? దరఖాస్తు పెట్టుటకు ముందు ఏయే కాగితములుండవలయునో, ప్రమాణపత్రమున ఏమి వ్రాయుచున్నారో, జాబు వచ్చిన ఎట్లు బదులీయవలయునో నేర్పలేరా? ఆలస్యమైనప్పుడు సమాచార హక్కు చట్టము క్రింద అర్జీ పెట్టినచో 30 దినములలో జవాబు రావలయునని ఎందరికి తెలియును? ఈ చట్టము 2005 నుండి మన చేతిలో నున్నది. మన చేయియే లేవకున్నది. ఇట్టి సేవ చేయ గోరు స్వచ్ఛంద సేవకులు ముందునకు వచ్చినచో మధ్యవర్తి తేనీటి దుకాణమున ఒంటరిగా తేనీరు త్రాగుచుండును.

దమ్మాయిగూడకు కొలది మైళ్ళ దూరముననే కీసరగుట్ట కలదు. అచ్చట విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడముల శిథిలములు త్రవ్వకములలో బయటపడినవి. పదునైదు వందల యేండ్లకు పూర్వమే ఈ నేలమీద పునాది లోతు, ఇటుక కొలత, నీటి దారి ఎరిగి కట్టినవారుండిరి. వారి వారసులమైన మనము నేడు రెండు గదుల ఇంటికి పునాది వేయుటకు భయపడుచున్నామన్నచో లోపము మన చేతులలో లేదు. చేతులను కట్టివేసిన త్రాళ్ళలో కొంత, ఆ త్రాళ్ళను విప్పుకొనక ప్రక్కదారి వెదకు మన అలవాటులో కొంత ఉన్నది.

ఇల్లు కట్టుకొనుట వరము కాదు, హక్కు. నియమముగా కట్టుకొనుట భారము కాదు, ధర్మము. హక్కును అడ్డుకొను ఉద్యోగిని, ధర్మమును తప్పు గృహస్థుని, ఇద్దరిని మోసగించు వ్యాపారిని ఒకే కొలతతో కొలిచిన నాడు, ఆ వృద్ధుడు మరల మా వద్దకు విక్రయపత్రము పట్టుకొని రానక్కరలేదు; తన ఇంటి గృహప్రవేశమునకు పిలుచుటకు వచ్చును. ఆ పిలుపునకై ఎదురుచూచుచున్నాము.